నియమం విడిచిన ఆదివారం

అనసూయమ్మ మొగుని చొక్కాను వాసన చూడకుండా బక్కెట్లో వేసి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. పొద్దున్నే పంపు దగ్గర పీట వేసుకుని కూర్చుంటుంది. ముందు కాలరు, తర్వాత చేతులు, చివరికి జేబులు. రాతిపొడి వాసన, చెమట వాసన, జేబు మూలల్లో ఇరుక్కున్న వక్కపలుకుల వాసన. తాగుడు వాసన మాత్రం రాదు. రానందుకు ఇంకో ఆడదైతే సంతోషపడుతుంది. అనసూయమ్మకు ఒళ్ళు మండుతుంది. వాసన రాలేదంటే తాగలేదని కాదు, తెలివి మీరినాడని ఆమె లెక్క.

ఆమెకు వాసన తగిలేది చొక్కాలో కాదు, మనిషి నోట్లో. అదొక మాదిరి మగ్గిన తీపి వాసన. గంప అడుగున పడి మెత్తబడిన పండును చేత్తో తీస్తే వస్తుందే, అట్లాంటిది. ఆదివారం సాయంత్రం మొదలైతే మంగళవారం దాకా వదలదు. సారా వాసన ఆమెకు తెలుసు. వాళ్ళ నాయన పుణ్యమా అని బ్రాందీ వాసనా తెలుసు. ఇది ఆ రెండూ కాదు. ఇప్పుడు అంగళ్ళలో ఏమేం సరుకు వస్తోందో ఎవరికి ఎరుక? ఏదో కొత్తరకం తాగి పైన సోంపు నమిలి కప్పేస్తున్నాడని తీర్మానించుకుంది.

రంగయ్య ఆళ్ళగడ్డ శిల్పాల కొట్టాల్లో ముఖాలు చెక్కే మనిషి. రోడ్డు పొడుగునా ఉండే ఆ కొట్టాల్లో చేతులూ కాళ్ళూ నగలూ చెక్కేవాళ్ళు చాలామంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి రాజశేఖర్ కొట్టంలో అందరూ ఉలి కింద పెట్టి రంగయ్య కోసం చూస్తారు. అనసూయమ్మ పనీ అక్కడే. మొగుడు చెక్కి వదిలిన రాతికి నీళ్ళు పోస్తూ సానరాయితో రుద్ది నునుపు తేవడం. అమ్మవారి చెక్కిలి మీద అరచెయ్యి పెట్టి, ఎక్కడ గరుకు మిగిలిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అట్లాంటిదానికి తన మొగుని ముఖంలో గరుకు ఎక్కడుందో మాత్రం తెలియలేదు.

ఆ కొట్టంలో పాతకాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. దేవుని ముఖానికి ఉలి ఆనించిన రోజు మొదలు, కళ్ళు తెరిపించి విగ్రహాన్ని లారీ ఎక్కించేదాకా, ముఖం చెక్కేవాడు నియమంలో ఉండాలి. చుక్క ముట్టకూడదు, నీచు ముట్టకూడదు, చాప తెచ్చుకుని కొట్టంలోనే పడుకోవాలి. బేతంచెర్ల దిక్కు ఒక ఊరికి అమ్మవారిని చేసినన్నాళ్ళూ రంగయ్య అట్లాగే ఉన్నాడు. చేయి రాతి మీద నిలిచింది నిలిచినట్లుంది. మాట తేట, నడక నిదానం. విగ్రహం లారీ ఎక్కింది. నియమం విడిచిన మొదటి ఆదివారం పొట్టేలు మాంసం తెచ్చి వండించుకుని, ఇన్నాళ్ళ కరువు తీరేట్టు తిన్నాడు. పొద్దు వాలేసరికి పక్కింటి తలుపు దగ్గర నిలబడి తన తాళంచెవి తిప్పుతున్నాడు. పక్కింటి ఎలిజబెత్ తలుపు తీసి మీ ఇల్లు అవతలిదన్నా అని చెబితే, ఆమెకు దండం పెట్టి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. మర్నాడు చొక్కా గుండీలు ఒకదానికొకటి కలవలేదు.

వీధి వీధంతా ఒకటే మాట అనుకుంది. నియమంలో ఉన్నన్నాళ్ళు దేవునికి భయపడి మానుకున్నాడు, నియమం తీరింది, మొదలుపెట్టినాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? అనసూయమ్మ కూడా అదే అనుకుంది. అనుకుని ఊరుకుంటే ఒక దారి. ఆత్మకూరులో ఉండే అక్క రాములమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది.

రాములమ్మ ఆ వారమే పొడి తెచ్చింది. తాగుడు మానిపించే పొడి. చిన్న కాగితపు పొట్లాల్లో, బూడిద రంగులో ఉంది. పెట్టే పద్ధతి కూడా చెప్పి పోయింది. తినేవానికి తెలియకూడదు, తెలిస్తే పని చేయదు. చేదుగా ఉంటుంది కాబట్టి మాంసం కూరలోనే కలపాలి. ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి. పొడికీ లోపలి తాగుడుకూ పోట్లాట జరుగుతుంది కాబట్టి మొదట్లో మనిషి మత్తుగా ఉంటాడు, మాట ముద్దగా వస్తుంది, భయపడి మానేస్తివా మొదటికే మోసం. ఇంత వివరంగా చెప్పిన మనిషి మాట ఎట్లా తప్పవుతుంది? ఎన్నడూ లేనిది ఇంట్లో బుధవారం కూడా పొట్టేలు కూర ఉడకసాగింది. పొడి పడ్డప్పుడల్లా రంగయ్య అచ్చం రాములమ్మ చెప్పినట్లే మత్తులో జోగాడు. పట్టుకుందిలే అని అనసూయమ్మ లోలోపల ధైర్యం తెచ్చుకుంది.

ఇట్లా నడుస్తుండగా ఒక సోమవారం కొట్టంలో జరిగింది మాత్రం ఆమె అనుకున్నది కాదు.

ఎవరిదో కొత్త ఇంటి గేటుకు జత సింహాలు చేస్తున్నారు. దేవుని బొమ్మ కాదు కాబట్టి నియమం లేదు. రంగయ్య ఎడమ సింహం మూతి దగ్గర గొంతుక్కూర్చుని సన్న ఉలితో పెదవి గీత తీస్తున్నాడు. సుత్తి దెబ్బలు ఎప్పుడూ ఒక తాళంలో పడేవి. ఆ రోజు రెండు పడి ఒకటి ఆగుతోంది, మళ్ళీ ఒకటి పడుతోంది. నాలుగడుగుల దూరంలో సానరాయి రుద్దుతున్న అనసూయమ్మ ఆ తేడా చెవితోనే పట్టింది. తల ఎత్తేలోపల ఉలి జారింది. సింహం పై పెదవి పెచ్చులా లేచి కింద పడింది.

కొట్టంలో గ్రైండర్ల మోత ఆగిపోయింది. రాజశేఖర్ వచ్చి పెదవి ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. రంగయ్య వైపు వంగి గాలి పీల్చాడు. ఆ తీపి వాసన అతనికీ తగిలింది కాబోలు, ముఖం మాడ్చుకున్నాడు. చేతులు చాపమన్నాడు. రంగయ్య చాపాడు. మణికట్ల దగ్గర చేతులు వాలుతున్నాయి, లేస్తున్నాయి, కోడి రెక్కలు విదిలించినట్లు. ఆపుదామని రంగయ్య పళ్ళు బిగించాడు. ఆగలేదు.

“రంగన్నా, ఇంటికి పో. వీరభద్రుని ముఖం ఇంకొకరికి ఇస్తాండా,” అన్నాడు రాజశేఖర్.

వీరభద్రుని రాయి అప్పటికే కొట్టం నడిమధ్య నిలబడి ఉంది. మెడ దాకా చెక్కి, ముఖం ఉండాల్సిన చోట చదరపు రాయి వదిలి, రంగయ్య కోసమే ఎదురు చూస్తోంది. రంగయ్య దాన్ని ఒకసారి చూశాడు.

“నేను తాగల్యా అప్పా.”

“మరి ఈ చేతులేందీ, ఈ వాసనేందీ?” అని రాజశేఖర్ అనసూయమ్మ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పక్కా. తాగల్యా?”

రంగయ్య కూడా ఆమెనే చూశాడు. అనసూయమ్మ చేతిలో సానరాయి ఉంది, దాని మీదినుంచి నల్లటి బురదనీళ్ళు కారుతున్నాయి. ఆమె ఆ నీళ్ళనే చూస్తూ కూర్చుంది. అవునని అనలేదు, కాదని అనలేదు. రాజశేఖర్‌కు అది చాలింది. రంగయ్య ఉలులన్నీ ఏరి గోనెగుడ్డలో చుట్టుకుని, చెప్పులు తారుమారుగా తొడుక్కుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

బుధవారం ఆమె ఇంకొంచెం ఎక్కువే కలిపింది. పరువు పోయింది, ముఖం పని పోయింది, ఇక మిగిలింది ఈ పొట్లమే అనుకుంది. కొట్టంలో దేవుణ్ణి చెక్కుతానని ఉలి పట్టిన మనిషిని మళ్ళీ కొట్టంలో నిలబెట్టాలంటే ఈ పొడే దిక్కు. కంచంలో అన్నం పెట్టి, కూర వేసి, ఎదురుగా కూర్చుంది. రంగయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. చేదు తెలిసిపోయిందా? అనసూయమ్మ చెంబులో నీళ్ళు ముందుకు జరిపింది. అతను ముద్ద మింగి, ఇంకో ముద్ద కలిపి, కంచం అడుగు కనపడేదాకా తిన్నాడు. ఇంకొంచెం వేయమని అడిగి, అదీ తిని, వేళ్ళు కూడా నాకి లేచాడు.

గురువారం తెల్లారేసరికి రంగయ్య మేలుకోలేదు. తట్టి లేపితే కళ్ళు తెరిచి ఆమెను అమ్మా అని పిలిచాడు. చొక్కా ఇస్తే అందులో కాళ్ళు దూర్చబోయాడు. ఎలిజబెత్ ఆటో పిలిపించింది. ఊళ్ళో డాక్టరు కనురెప్పలు ఎత్తి చూసి, చేతులు చాపించి చూసి, నోటి వాసన చూసి, రోజూ ఎంత తాగుతాడని అడిగాడు. రంగయ్యకు జవాబు చెప్పే తెలివి లేదు. అనసూయమ్మే చెప్పింది, నా కంట పడకుండా తాగుతాడు సార్ అని. డాక్టరు తలాడించి చీటీ మీద అదే రాశాడు. కాలేయం చెడిపోయినట్లుంది, నంద్యాలకు తీసుకుపోయి స్కానింగ్ తీయించమన్నాడు.

శిరివెళ్ళ దాటేదాకా ఆటోలో రంగయ్య తల ఆమె భుజం మీదే ఉంది. ఆ తీపి వాసన ఆమె మెడకు తగులుతూనే ఉంది. ఇంత తెలివి లేని మనిషి రాత్రి ఎప్పుడు లేచి తాగొచ్చాడు, ఎవరు తెచ్చిచ్చారు అని ఆమె ఆలోచన. రాత్రంతా పక్కనే పడుకుంది తను. తలుపు గడియ తనే వేసింది. అయినా అనుమానానికి తలుపులు గడియలు ఒక లెక్కా?

నంద్యాల ఆసుపత్రిలో స్కానింగ్ చేసే డాక్టరమ్మ పేరు సుప్రజ. వయసు తక్కువే. చీటీ చదివి, చదివింది నమ్మినట్లే ముఖం పెట్టింది. చీకటి గదిలో రంగయ్య పొట్ట మీద చల్లటి జిగురు పూసి, చేతిలోని మీటలాంటి పరికరాన్ని పక్కటెముకల కింద నొక్కి పెట్టి, తెర వైపు చూస్తూ కూర్చుంది. కొంచెం జరిపింది. మళ్ళీ వెనక్కు తెచ్చింది. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, ఊపిరి బిగపట్టమని చెప్పింది. రంగయ్యకు మాట అర్థం కాకపోతే అనసూయమ్మే పట్టుకుని తిప్పింది. తెర మీద బూడిద రంగు తప్ప ఆమెకు ఏమీ కనపడలేదు.

“తాగే వాళ్ళ కాలేయం గరుకు తేలి ఉంటుందమ్మా. ఈయనది నున్నగా ఉంది,” అంది సుప్రజ.

నున్నగా అన్న మాట విని అనసూయమ్మ ఉలిక్కిపడింది. నునుపు సంగతి తనకు ఒకరు చెప్పాలా? మరుక్షణమే ఇంకో అనుమానం లేచింది. ఏమీ లేదని చెప్పి ఆసుపత్రి చుట్టూ మళ్ళీ మళ్ళీ తిప్పడానికి ఈ డాక్టరమ్మ ఎత్తు వేస్తోందేమో. లేకపోతే ఆ మిషను పాతదేమో. ఊరంతా చూసిన దాన్ని ఈ పిల్ల లేదంటుందా?

“తాగుతాడు మేడమ్. నాకు తెల్సు,” అని వాదనకు దిగింది. తన దగ్గరున్న రుజువంతా బయట పెట్టింది. దేవుని ముఖం చెక్కేటప్పుడు నియమంలో ఉంటాడు, ఆ దినాలు రాయి మాదిరి గట్టిగా ఉంటాడు, నియమం విడిచిన ఆదివారమే ఊగుతాడు, ఇంక ఎట్లా నమ్మేది తాగడని?

సుప్రజ చేతిలోని మీట ఆగింది.

“నియమంలో తాగుడు కాకుండా ఇంకేం మానేస్తాడు?”

“నీచు మేడమ్. మాంసం ముట్టడు.”

“నియమం విడిచిన రోజు?”

“పొట్టేలు కూర తింటాడు. అందరూ తినేదే గదా.”

సుప్రజ మిషను మీద ఏదో నొక్కింది. బూడిద రంగు తెర మీద ఎర్రటి, నీలపు మరకలు కదలసాగాయి. నెత్తురు పారేది అట్లా కనపడుతుందట. మీటను పక్కటెముకల సందులో అంగుళం అంగుళం జరుపుతూ పోయి ఒకచోట ఆపింది. అక్కడ రంగులు వంకర తిరిగి, ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతూ సుళ్ళు తిరుగుతున్నాయి. ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. బొమ్మను నిలబెట్టి కొలతలు తీసింది, మళ్ళీ కదిలించింది, మళ్ళీ నిలబెట్టింది. పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి, నెత్తురులో ఏదో పరీక్ష ఈ పూటే చేయించమంది. ఇంకో పెద్ద స్కానింగు కూడా తీయాలంది. అనుకున్నదే అయింది కదా అని అనసూయమ్మ గోడకు ఆనుకుని మనసులోనే తిట్టుకుంది. తిప్పడం మొదలైంది.

చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి, గుండ్రటి మిషనులోకి రంగయ్యను తోసి తీశారు. ఆ తర్వాత వార్డులో పడుకోబెట్టి, తియ్యటి పాకం లాంటి మందు తాగించారు. కడుపు కడిగారు. కూర లేదు, పప్పన్నం, మజ్జిగ. శుక్రవారం సాయంత్రానికి రంగయ్య ఆమెను పేరుతో పిలిచాడు. శనివారం పొద్దున లేచి కూర్చుని, ఇది ఏ ఊరని అడిగాడు. అనసూయమ్మ వంగి అతని నోటి వాసన చూసింది. ఏ వాసనా లేదు. ఆసుపత్రిలో తాగుడు దొరకదు కాబట్టి అనుకుందామని చూసింది. ఆ మాట ఈసారి మనసులో నిలబడలేదు.

సుప్రజ బొమ్మలు తీసుకుని వార్డుకే వచ్చింది. నల్లటి ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి వేలితో చూపించింది. వాళ్ళది మిడుతూరు అట, ఇంట్లో అందరూ సేద్యం చేసేవాళ్ళేనట. చెప్పడం కూడా అట్లాగే చెప్పింది. తిన్న తిండి నుంచి వచ్చే నెత్తురంతా ముందు కాలేయంలో పారాలి, మడిలో నీళ్ళు పారినట్లు. అక్కడ దాని చెడంతా వదిలి, శుభ్రపడి పైకి పోవాలి. ఈయనకు లోపల కాలువకు గండి ఉంది. నెత్తురు మడిలోకి పారకుండా గండిలో పడి నేరుగా పోతోంది. అందులోని చెడు మెదడుకు ఎక్కుతోంది. మత్తు, చేతులు ఆడడం, ఆ వాసన, అన్నీ దానివే. ఇట్లాంటిది ఎక్కడో ఒకరికి ఉంటుంది, తను పుస్తకంలో చూడడమే గాని మనిషిలో చూడడం ఇదే మొదలు. బహుశా పుట్టుకతోనే ఉండొచ్చు, వయసు పైబడ్డాక బయటపడింది. పెద్ద ఆసుపత్రిలో నరం గుండా సన్న గొట్టం పంపి మూయడానికి వీలుంది, అక్కడికి రాసిస్తున్నాం.

“ఇది తాగుడుది కాదమ్మా. ఇది మాంసం తిన్నప్పుడు ఎక్కువవుతుంది. అందుకే నియమంలో బాగుండినాడు.” సుప్రజ ఫిల్మును కవరులో పెట్టింది. “వారానికి ఎన్నిసార్లు తింటాడు మాంసం?”

ఆదివారం ఒక్కసారే అని చెప్పి తప్పించుకోవచ్చు. రంగయ్య మంచం మీద గోడకు ఆనుకుని ఆమెనే చూస్తున్నాడు, సోమవారం కొట్టంలో చూసినట్లే. ఆమె చీర కొంగు ముడి విప్పింది. చెమటకు తడిసి మెత్తబడిన పొట్లం ఒకటి అందులో ఉంది. మంచం మీద పెట్టింది. చెప్పాల్సిందంతా చెప్పింది. రాములమ్మ పేరు, బుధవారాల సంగతి, ఎక్కువ కలిపిన సంగతి, ఒక్కటీ దాచలేదు. చెబుతున్నంతసేపూ మొగుని వైపు చూడలేకపోయింది.

“నాకు తెల్సు మేడమ్,” అన్నాడు రంగయ్య.

సుప్రజ అతని వైపు తిరిగింది. అనసూయమ్మ కూడా.

“మొదటి దినమే చేదు తగిలె. ఇట్లాంటి పొడి మా కొట్టంలో ఇంకొకనికి పెట్టింటే చూసినా. ఇది అదేనని తెల్సిపోయ.”

“తెల్సి ఎందుకు తింటివి?” అనసూయమ్మ మంచం దగ్గరికి జరిగింది. “కంచం తోసేసింటే నాకు తెలిసేది గదా.”

“తినకుంటే తాగుతాండానని ఒప్పుకున్నట్లే గదా.”

సుప్రజ పొట్లం తీసుకుని విప్పి చూసింది, దీన్ని పరీక్షకు పంపుతానని చెప్పి, ఇక ఏదీ కలపొద్దమ్మా అని మెల్లగా మందలించి వెళ్ళిపోయింది. వార్డులో పక్క మంచాల వాళ్ళు అటు తిరిగి తమ తమ మాటల్లో పడ్డారు. అనసూయమ్మకు కంచం అడుగు దాకా తిన్న ఆ చేతివేళ్ళే కళ్ళముందు ఆడాయి. ఇంకొంచెం వేయమని అడిగాడు. తను వేసింది. చంపుకునేదాన్ని గదా అనుకుని మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, సంచీలోంచి ఫోన్ తీసి, వరండాలోకి పోకుండా అక్కడే నిలబడి రాజశేఖర్‌కు కలిపింది.

అవతల గ్రైండర్ మోత వినపడింది. ఆమె గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

“అప్పా, నేను అనసూయను. మా ఆయన తాగల్యా. ఎప్పుడూ తాగల్యా. నేను చెప్తాండా. వీరభద్రుని ముఖం ఎవరికీ ఇయ్యొద్దు.”

రాజశేఖర్ ఏదో అడిగాడు. ఆమె కాలేయం అనీ, గండి అనీ తనకు తెలిసినంత చెప్పింది. రాయి అట్లాగే ఉందక్కా, ఇంకా ఎవరూ ఉలి పెట్టలేదు అన్నాడు రాజశేఖర్. ఆమె ఫోన్ కొంగుతో తుడిచి సంచీలో పెట్టింది. ఆ మాట మొగునికి చెబుదామని తిరిగింది.

రంగయ్య రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంటున్నాడు. చేతులు కదలకుండా ఉన్నాయి. అతను వాటినే చూస్తూ అన్నాడు.

“ఈ మాట సోమారం చెప్పింటే సరిపోయేది గదా, అనసూయా.”

కోపంగా అనలేదు. అడిగినట్లు కూడా అనలేదు. అనసూయమ్మ ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన పప్పన్నం గిన్నె తెరిచి, కలిపి, కంచం అతని ఒళ్ళో పెట్టబోయి ఆగింది. ముందు తను ఒక ముద్ద అతని ఎదురుగానే తిని, ఆ తర్వాత కంచం అతనికి ఇచ్చింది.